పసుపు రంగు గడప

పొద్దున్నే వాకిలి ఊడుస్తూ అంతమ్మ అలవాటుగా, ఒకప్పుడు తాము కాపురమున్న పక్కవాటా గడప వైపు చూసింది. కిరాయికి ఉంటున్న మనస్విని కూతురు తన్వి ఆ గడప మీద కూర్చుని పసుపు పెచ్చుల్ని గోటితో గిల్లుతోంది.

ఆ రంగు వేసింది అంతమ్మ భర్త మల్లప్ప. మోకాళ్ల నొప్పులతో ప్రతి శుక్రవారం వంగి పసుపు రాయలేకపోతోందని పెయింటు డబ్బా తెచ్చాడు, కుంకుమబొట్లు కూడా కుంచెతోనే పెట్టాడు. ఏటా దసరాకు మరో పూత. ఆయన పోయాక ఆ గడప కనిపిస్తే చాలు, ముందు కూర్చుని ఓపిగ్గా బొట్లు పెడుతున్న మనిషే మెదిలేవాడు. మొగుడి మీద ఇంత బెంగ పెట్టుకున్న ఆడది మొయినాబాద్ మొత్తంలో లేదని చుట్టాలు మేలమాడేవారు.

మనస్విని పరుగున వచ్చి పిల్ల నోట్లోంచి పెచ్చు తీసింది. పిల్లల మెదడును దెబ్బతీసే సీసం తన్వి రక్తంలో ఎక్కువుందని డాక్టరు చెప్పాడట. అనుమానమొచ్చి గడప రంగు పరీక్ష చేయిస్తే అందులోనూ అదే ఉందట.

"ఈ గడప మార్పించండి ఆంటీ. ఇల్లు మీది, మేం చెయ్యి పెట్టలేం."

"లచ్చిమసొంటి గడప పీకుమంటవా? నచ్చకుంటే ఖాళీ చెయ్యి" అంది అంతమ్మ. మనస్విని పిల్లనెత్తుకుని లోపలికెళ్లిపోయింది.

సంగతి విని కొడుకు కుమార్ తేలిగ్గా తీసేశాడు. "ఫికర్ చెయ్యకవ్వా. పైనుంచి ఇంకో పూత కొడదాం. వీళ్లు పోతే ఇంకొకళ్లు వస్తరు."

ధైర్యం చెప్పబోయిన ఆ మాటే అంతమ్మకు ములుకులా గుచ్చుకుంది. వచ్చేవాళ్లూ పిల్లల్ని తెచ్చుకుంటారు. ఆ పిల్లలూ ఈ గడప మీదే పాకుతారు. మధ్యాహ్నం అన్నం సయించలేదు. తనే వెళ్లి మనస్విని తలుపు తట్టింది.

"రేపే తీయిస్త. పని అయ్యేదాక మీరు నా దగ్గర్నే ఉండుండ్రి."

మర్నాడు దుమ్ము లేవకుండా గడపను బాగా తడిపాకే వడ్రంగి యాదయ్య పలుగు దించాడు. అంతమ్మ చూడలేక మొహం తిప్పుకుంది. మీ బాధ నాకు తెలుసు ఆంటీ అంటూ మనస్విని చెయ్యి పట్టుకుంది.

"ఆయనుంటే నన్ను అడగకుండనే పీకేటోడు. పిల్లలంటే అంత పానం" అంది అంతమ్మ. "రంగును కాపాడుకుందామని మనిషి గుణమే మరిచిన బిడ్డా."

ఆ తర్వాత ఆమెకు ఏడుపు ఆగలేదు. మనస్విని పక్కనే కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.