మూడింటికి ఆగే వణుకు

...అదే వదినా, ఇందాక మొదలెట్టి ఫోన్ కట్ చేసేశాను, ఏమనుకోకు. ఇన్ని నెలలుగా చెప్దాం చెప్దాం అనుకుంటూనే ఉన్నా. నీకు తెలుసుగా, నేను నోరు తెరిస్తే ఓ పట్టాన ఆపను. కానీ ఈ ఒక్క మాటే దాటేస్తూ వచ్చా. షాపులోనే ఉన్నా. భోజనాల వేళ, ఎవరూ లేరు. ఫ్యాను కిర్రుకిర్రు, సబ్బు నురగ వాసన, అంతే. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆలోపే చెప్పేయాలి.

అన్నయ్య వణుకు జబ్బుకి చేసిన ఆపరేషన్ గుర్తుందా? మెలకువగా ఉంచే తల్లోకి వైర్లు దింపారు. ఈయనేమో డాక్టరుతో, "నా తల ఎవరు గొరిగారండీ? మా సెలూన్‌కి పంపండి, పని నేర్పిస్తా" అన్నాడట! కరెంటు ఇవ్వగానే, ఎనిమిదేళ్ళు వణికిన ఎడమ చెయ్యి టక్కున ఆగిందట. ఆయనది ఎడమచేతి వాటం కదా, కత్తి పట్టేది దాంతోనే. ఛాతీ చర్మం కింద ఆ కరెంటు ఇచ్చే చిన్న డబ్బా, దానికో రిమోటు. రెండు నెలల్లో తన కుర్చీ దగ్గరికి వచ్చేశాడు.

నువ్వు సంతోషంతో ఏడ్చావు. నేనూ ఏడ్చాను, కానీ నాది వేరే ఏడుపు.

ఆ ఎనిమిదేళ్ళూ షాపు లాక్కొచ్చింది నేను వదినా. ఆయన రాగానే అందరికీ "పెద్దాయనా! పెద్దాయనా!" నా కుర్చీ ఖాళీగా ఉన్నా ఆయన కోసం బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఎవరు పిలిచినా ఆయన "వచ్చేశా బాబూ" అని రాగం తీసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు కస్టమరుకి చెవి కింద తెగింది చూడు, చెయ్యి జారిందనుకున్నారంతా. జారలేదు. రిమోటు దువ్వెనల సొరుగులో ఉండేది. నేనే ఆఫ్ నొక్కాను. నలుగురిలో ఆయన చెయ్యి కాస్త వణికితే చాలనుకున్నా. కానీ కత్తి మెడ మీద ఉన్నప్పుడే నొక్కాను, అదీ నిజమే. అప్పుడు టైము సరిగ్గా మూడు.

అన్నయ్య తన చెయ్యి చూసుకోలేదు. అద్దంలో నన్ను చూశాడు. "ఆన్ చెయ్యరా" అన్నాడు, గుసగుసగా. అది నా పనేనని ఆయన నీక్కూడా చెప్పుకోలేదు. కస్టమరు కుట్లతో బయటపడ్డాడు. అన్నయ్య మళ్ళీ కత్తి పట్టలేదు, నాలుగు నెలల్లో పోయాడు.

దహనంలో పేలుతుందని ఆ డబ్బా ముందే తీయించాం కదా. నర్సు తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టింది. అన్నయ్య పోయి అప్పటికే ఆరు గంటలైంది వదినా... అది ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ వారమే నా ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. అన్నదమ్ములు కదా, అదే జబ్బేమో అన్నారు. వణకనీ, నా పని కుడి చేత్తోగా! నాకు వణుకంటే భయం లేదు. అది ఆగినప్పుడే...

పోయిన సోమవారం మొదటిసారి ఆగింది. మూడింటికి. రాయిలా. నా ప్రమేయం లేకుండా ఆ చెయ్యే సొరుగు లాగింది. అన్నయ్య కత్తి తీసింది. తోలు మీద రెండుసార్లు నూరింది... ఆయన లాగే. నా మెడ మీదికి వచ్చింది. చెవి కింద ఒక గీత. అంతే, మళ్ళీ వణుకు. మర్నాడు అదే గీత మీద... ఇంకాస్త లోతుగా. కుడి చేత్తో లాగినా లొంగదు. షాపు మూసి ఇంట్లో కూర్చుంటే కూరగాయల కత్తి అందుకుంది. నిన్న నాలుగు కుట్లు పడ్డాయి. "ఇంకో నూలుపోగంత తెగుంటే..." అన్నాడు డాక్టరు.

రిమోటూ డబ్బా నీకే ఇచ్చాగా. బీరువా తీసి చూడు వదినా. రిమోటు వెలుగుతోందా? వెలుగుతుంటే ఆఫ్ చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా. నా వణుకు నాకు ఉండనీ...

"పెద్దాయనా! ఉన్నావా?"

ఆగు, ఎవరో వచ్చారు. అన్నయ్య పోయిన సంగతి తెలీదేమో పాపం... వదినా, చెయ్యి... వణకట్లేదు...

"వచ్చేశా బాబూ."

విన్నావా? ఇప్పుడు పలికింది నేను కా