అంచులు కోసిన పుస్తకాలు

ఫిరోజ్‌కి జీవితంలో మొదటిసారి నచ్చిన అమ్మాయి అతన్ని మొదటి మాటలోనే "అన్నా" అని పిలిచింది. అక్కడే అతని జాతకం తెలిసిపోయింది.

తెనాలి బోస్ రోడ్డు వెనక సందులో అతని బైండింగ్ షాపు. బయట వాన దంచేస్తోంది. ఆ అమ్మాయి లోపలికి వస్తూనే గొడుగు దులిపింది. అప్పుడే మైదా జిగురు రాసి ఆరబెట్టిన అట్టల మీద నీళ్ళు చింది పడ్డాయి.

"అన్నా, బైండింగ్ చేసేది ఇక్కడేనా?"

"బైండింగ్ ఇక్కడేనండి. అన్నయ్యలు మాత్రం ఎవరూ లేరు. ఆ గొడుగు కాస్త బయట పెడతారా?"

"బయట పెడితే ఎవరైనా పట్టుకుపోతే?"

"ఈ వానలో తడుచుకుంటూ వచ్చి తీసుకెళ్ళాడంటే వాడికి మనకంటే అవసరం అనుకోండి."

ఆమె నవ్వాపుకుంటూ గొడుగు బయట పెట్టి, సంచిలోంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చింది. కుట్లు ఊడి, కాగితాలు గుత్తులు గుత్తులుగా బయటికి వస్తున్నాయి. అన్నింటి అట్ట మీదా ఒకే మనిషి. గుండ్రటి మొహం, నోట్లో చుట్ట.

"ఎవరండీ ఈయన? మీ తాతగారా?"

"చర్చిల్. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఇంగ్లాండు ప్రధానమంత్రి. టెన్త్‌లో చదవలేదా?"

"చదివానండి. పాసయ్యాక మర్చిపోవాలి కదా, మర్చిపోయాను. ఒక్క మనిషి మీద ఇన్ని పుస్తకాలా?"

"ఆయన జీవితచరిత్రలు కొన్ని. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు కొన్ని. సెక్రటరీ, డాక్టరు, బాడీగార్డు, ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. మా ఫ్రాన్సిస్ మాస్టారు ఏళ్ళ తరబడి కూడబెట్టారు."

ఆమె పేరు ఆలియా. ఊరు బాపట్ల, చదువుతున్నది బి.ఇడి. ఫ్రాన్సిస్ మాస్టారు ఆ ఊళ్ళోనే హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. భార్య కరుణగారు అంతకుముందే పోయారు. ఆ తర్వాత కళ్ళూ పోయాయి. సాయంత్రాలు ఆలియా వెళ్ళి పేపరు చదివి వినిపిస్తుంది. ఇప్పుడాయన ఈ పుస్తకాలు చదవమన్నారు. తెరిస్తే కాగితాలు ఒళ్ళో పడుతున్నాయని మోసుకొచ్చింది.

"కొత్త పుస్తకాల్లా చెయ్యాలి. అంచులు అవీ నీట్‌గా ఉండాలి. మాస్టారికి ఇవంటే ప్రాణం," అంది ఆలియా. అయ్యాక చెప్పమని ఫోన్ నంబరు రాసిచ్చింది. వెళ్తూ వెనక్కి తిరిగి, "థ్యాంక్స్ అన్నా," అంది, కావాలనే.

ఫిరోజ్ ఆ రోజంతా ఏ పుస్తకానికి ఏ అట్ట వేశాడో అల్లాకే తెలియాలి.

షాపుకి వచ్చినవాటికి కుట్టు వేసేది అతని తల్లి కరీమాబీ. ఇంట్లో చాప మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సూది దించుతుంది. మూడో రోజు ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని కొడుకుని పిలిచింది.

"ఒరే ఫిరోజూ, ఈ పుస్తకాల నిండా పక్కన పెన్సిల్‌తో ఏంటో రాసుందిరా."

ఫిరోజ్ చూశాడు. ఇంగ్లీషు అచ్చు పక్కన, వెడల్పాటి ఖాళీలో, చిన్న తెలుగు అక్షరాలు. ఒకచోట "ఇది అబద్ధం" అని ఉంది. ఇంకోచోట వరుసగా ప్రశ్న గుర్తులు.

"కాలేజీ పుస్తకాలు కదమ్మా. పిల్లలెవరో గీకేసుంటారు."

"ఆ పిల్లని ఒక మాట అడుగు."

అడుగుదామనే ఫోన్ తీశాడు. నంబరు చూశాడు. ఆమె బైండింగ్ అయ్యాక చెప్పమని ఇచ్చింది. మధ్యలో చేస్తే మాట్లాడ్డానికి సాకు వెతుక్కున్నాడనుకుంటుంది. అనుకుంటే అది అబద్ధం కూడా కాదు. సిగ్గేసి ఫోన్ జేబులో పెట్టేశాడు.

కొత్త పుస్తకాల్లా కావాలంది కదా. మామూలుగా కుట్టయ్యాక కటింగ్ మిషన్‌లో పెట్టి అంచులు నూలుపోగంత కోస్తారు. ఫిరోజ్ ఆ రాతలన్నీ పోయేదాకా లోపలికి జరిపి కోశాడు. ఒక్క గీత కూడా మిగల్లేదు. మూడు వైపులా తెల్లగా మెరిసిపోతున్నాయి. ఆలియా వచ్చి చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయండీ," అంది. ఆ రోజు అన్నా అనలేదు. అతను సాయంత్రం దాకా గాల్లో తేలాడు.

రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. గొడుగు లేదు. తడిసిపోయి ఉంది. సంచిలోంచి ఒక పుస్తకం తీసి అతని ముందు పడేసింది.

"ఇందులో రాతలేవి?"

ఫిరోజ్ పుస్తకం తెరిచి, తను కోసిన అంచు మీద వేలు పెట్టాడు.

"మాస్టారు కుర్చీలో సర్దుక్కూర్చుని, లోపలిది తర్వాత, ముందు పక్కన మీ కరుణమ్మగారు ఏం రాసిందో అది చదువమ్మా అన్నారు. నేను పేజీ తిప్పాను. ఏం లేదు. ఇంకో పేజీ తిప్పాను. ఆయన, తొందరేం లేదు, పెన్సిల్ కదా, సరిగ్గా కనబడదు, మెల్లగా చూడు అంటున్నారు. నన్నేం చెప్పమంటారు?"

"మీరే నీట్‌గా..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"అవును, నేనే అన్నాను. నిన్న సాయంత్రం నుంచి అదే ఏడుస్తున్నాను. కానీ మీకు కనబడ్డాయిగా."

కనబడ్డాయి. అతను బల్ల కింద చూశాడు. కోసిన ముక్కలు వేసే గోతాం లేదు. సైదావలి మామ నిన్ననే వచ్చి పట్టుకెళ్ళాడు. రేపల్లెలో ఆయనకి పాతకాగితాల షెడ్డుంది. గోతాలు నిండాక గుడ్ల ట్రేలు చేసే ఫ్యాక్టరీకి లోడు పంపిస్తాడు.

"లోడు ఇంకా వెళ్ళలేదట," అన్నాడు ఫోన్ పెట్టేసి. "రేపల్లె బండికి టైముంది. నేను వెళ్తాను."

"నేనూ వస్తాను," అంది ఆలియా.

ఆమె పక్కన రైల్లో కూర్చోవాలని వారం రోజులుగా కలలు కన్నాడు ఫిరోజ్. ఇప్పుడు ఎదురుగానే కూర్చుంది. దారి పొడుగునా కిటికీలోంచి మునిగిన వరి చేలు చూస్తోంది తప్ప ఇటు తిరగలేదు. టీ అమ్మేవాడు వస్తే రెండు తీసుకున్నాడు. ఆమె కప్పు చేతిలోనే చల్లారిపోయింది. ఒక్కసారి మాత్రం తనే మాట్లాడింది.

"కరుణమ్మగారు ఈ రేపల్లె దగ్గరే, నగరం అనే ఊళ్ళో హైస్కూలు టీచరు. మాస్టారికి చర్చిల్ అంటే ఎంత ఇష్టమో ఆవిడకి అంత మంట. బెంగాల్ కరువులో మనవాళ్ళు లక్షల్లో చచ్చిపోతే పట్టించుకోలేదని. మాస్టారేమో ఆయన ధైర్యం చూడమనేవారట. పొద్దస్తమానం ఇంట్లో ప్రపంచ యుద్ధమే అని మా నాన్న నవ్వేవాడు. ఎదురుగా చెబితే మాస్టారు వినేవారు కాదు. అందుకని పుస్తకంలో రాసేదని మాస్టారు చెబితే నిన్నే తెలిసింది."

షెడ్డు దగ్గర సైదావలి మామ గోతాం చూపించాడు. వరండా చివర, రేకు కారే చోట, వాన నీళ్ళలో నాని కూర్చుంది.

ఇద్దరూ నేల మీద కూర్చుని గోతాం బోర్లించారు. స్కూలు నోట్సుల ముక్కలు, పెళ్ళికార్డుల ముక్కలు, అన్నీ కలిసి పిండిముద్ద అయిపోయాయి. పెన్సిల్ రాత నీళ్ళకి పోదు. కాగితమే పోతుంది. వేలితో పట్టుకుంటే ముక్క ముక్కలో కలిసిపోతోంది. ఆలియా ఒక్కోటి విడదీస్తూ తన చున్నీ మీద పరుస్తోంది. చీకటి పడేలోపు దొరికినవి గుప్పెడు. ఒకదాని మీద "ఆకలి" అనుంది. ఒకదాని మీద "మీరు ఒప్పుకోరు". కాస్త పొడుగ్గా మిగిలిన ఒక్క ముక్క మీద, "ఇది చదివాక నాతో".

ఆ తర్వాత చిరిగిపోయింది. దాని మిగతా ముక్క కోసం ఫిరోజ్ ఆ ముద్దనంతా మళ్ళీ మొదటి నుంచి వెతికాడు. చేతులు తెల్లగా నానిపోయాయి. సైదావలి మామ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక లేదు బేటా, లే," అన్నాడు. ఫిరోజ్‌కి గట్టిగా ఏడవాలనిపించింది.

మర్నాడు ఫిరోజ్ బాపట్ల వెళ్ళాడు. ఆలియా స్టేషనుకొచ్చి మాస్టారింటికి తీసుకెళ్ళింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కనే బల్ల మీద కొత్త బైండింగ్‌తో మెరుస్తూ పుస్తకాలు. ఫిరోజ్ తను చేసింది చేసినట్టు చెప్పేశాడు. మాస్టారు ఆ ముక్కలు అడిగి అరచేతిలో వేయించుకున్నారు. ఆలియా చదివింది. చివరి ముక్క చదివి ఆగింది.

"నాతో?" అన్నారు మాస్టారు.

"అంతేనండి. తర్వాతది దొరకలేదు. మీకు గుర్తుంటే చెప్పండి మాస్టారూ, నేను రాసిపెడతాను," అంది ఆలియా.

ఆయన అరచేతిలోని ముక్కల్ని వేలితో తడిమారు.

"గుర్తుండాలంటే చదివుండాలి కదమ్మా," అన్నారు. "నేనెప్పుడూ చదవలేదు. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే, రాసుకో రాసుకో అని నవ్వేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా చదివి ఒక్కోదానికీ జవాబు చెబుతాను, నిన్ను ఓడించేస్తాను అనేవాణ్ణి. రిటైరయ్యేలోపు తను పోయింది. ఆ తర్వాత పుస్తకం తెరవాలంటే భయమేసింది. భయం తగ్గేసరికి కళ్ళు లేవు."

"అంచులు మళ్ళీ అతికిస్తానండి," అన్నాడు ఫిరోజ్. ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడేట్టు లేదు. "అంతే వెడల్పు, తెల్ల కాగితంతో. అతుకు కూడా తెలియదు."

"ఏం రాసుకోవడానికి బాబూ?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఫిరోజ్ అనుకున్నాడు. "నువ్వు బాధపడకు. నీ కంటికి తెలుగక్షరాలు కనబడ్డాయి, ఒక్కటన్నా చదివావు. నేను అది కూడా చెయ్యలేదు," అన్నారాయన. ఆ గుప్పెడు ముక్కలూ జేబులో వేసుకుని, పైన చెయ్యి అదిమి పెట్టుకున్నారు.

స్టేషన్లో బండి లేటు. సన్నగా వాన మొదలైంది. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద రేకు కింద నిలబడ్డారు. ఇంకెప్పుడూ ఈమె తెనాలి రాదని ఫిరోజ్‌కి అర్థమైపోయింది. రమ్మనే మొహం తనకి లేదు.

"ఒక్కటి చెప్పండి," అంది ఆలియా పట్టాల వైపు చూస్తూ. "గీతలు కనబడ్డాయి. నా నంబరు ఉంది. ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. ఎందుకు చెయ్యలేదు?"

"చేద్దామని తీశాను. మీతో మాట్లాడాలని చేశాననుకుంటారేమోనని ఆగిపోయాను."

"అనుకుంటే ఏం?"

"నిజం తెలిసిపోతుంది కదండీ."

ఆమె ఇటు తిరిగింది. ఫిరోజ్ ఇక ఆగలేదు.

"మీరు వచ్చి గొడుగు దులిపినప్పట్నుంచి అంతే. ఆ పుస్తకాలు చూసి మీరు నవ్వాలని అంత లోపలికి కోశాను. ఇలాంటి రోజున ఈ మాట చెప్పకూడదు. కానీ మాస్టారిని చూశాక చెప్పకుండా బండెక్కలేకపోతున్నాను. మీరేం జవాబు చెప్పక్కర్లేదు."

దూరంగా బండి కూత వినిపించింది. ఆలియా కళ్ళు తుడుచుకుంది. వాన నీళ్ళు కావు.

"నాకు మీ మీద కోపం పోలేదు," అంది. "పోతుందో లేదో కూడా తెలీదు. ఆయన్ని అలా చూస్తూ రోజూ నేనే చదవాలి."

"తెలుసండి."

బండి వచ్చి ఆగింది. ఫిరోజ్ ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఇంకా రేకు కిందే ఉంది. బండి కదలబోతుండగా వానలోకి వచ్చి, సంచిలోంచి ఒక పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. కొత్త అట్ట మీద తను అతికించిన పాత బొమ్మ, చుట్టతో ఆ గుండ్రటి మొహం.

"అంచులు అతికిస్తానన్నారుగా. దీనికి అతికించండి. కరువు గురించి రాసింది ఇందులోనే. కరుణమ్మగారు ఏమన్నారో మనకి తెలీదు. కానీ చదువుతుంటే నాకే మండుతోంది. నేను రాస్తాను. మాస్టారికి చదివి వినిపిస్తాను. ఈసారి ఆయన జవాబు చెప్పాల్సిందే."

బండి కదిలింది. ఆమె నాలుగడుగులు పక్కనే నడిచింది.

"అయ్యాక ఫోన్ చెయ్యండి ఫిరోజ్. మధ్యలో ఏదైనా అనుమానమొచ్చినా చెయ్యండి."

"అనుమానం రాకపోతేనో?"

"అప్పుడూ చెయ్యండి," అంది ఆలియా.