మస్కట్ పోయిన తేదీ

మనీషా వస్తూనే కుర్చీ అంచున కూర్చుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సార్, నేను ఇంట్ల కూసోని దొంగ సర్వే రాసిన్నట. సోమారం లోపట తప్పు ఒప్పుకోవాల్నట. లేకుంటే నేను తెచ్చిన పత్రాలన్నీ పారేస్తరట."

2010 ఎండాకాలం అది. జగిత్యాలలో ప్రైవేటు డిటెక్టివ్ గోవర్ధన్ దగ్గరికి ఇలాంటి కేసు ఎన్నడూ రాలేదు. ఆయన అసిస్టెంటు శ్రీజ మంచినీళ్లిచ్చి కూర్చుంది.

గల్ఫ్‌కు వలసపోయినవాళ్ల ఇళ్లనూ, మగ్గాలు ఆగిన నేత ఇళ్లనూ ఊళ్లోని ఒక స్వచ్ఛంద సంస్థ సర్వే చేయిస్తోంది. కోరుట్ల ఇళ్లు తిరిగింది మనీషా. ఆమె కాగితాలు చూసి ఆఫీసులో టైపు చేసిన ఎక్సెల్ పట్టికలను గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి చూస్తే, అక్కడి నీల అనే ఆమె భర్త 2003లో మస్కట్ పోయి మళ్లీ రానేలేదు. కూతురికేమో రెండేళ్లు. అలాంటి ఇళ్లు బోలెడు తేలాయి. సంస్థ పెద్ద రాజమల్లు ఊరుకోక నీలకే ఫోన్ చేసి, "మరి ఈ పిల్ల ఎవలది?" అని అడిగేశాడు. ఆ మాట వినగానే శ్రీజకు ఒళ్లు మండిపోయింది.

"కాయితం మీద 2007 అనే రాసిన సార్. నాలుగేండ్లు తేడా ఉన్నది, తర్వాత దిద్దినవంటున్నరు. నౌకరీ పోతే పోనీ. నీలక్క నన్ను నమ్మి కడుపుల బాధ చెప్పుకున్నది. ఇప్పుడు నన్ను చూస్తే తలుపేసుకుంటున్నది."

గోవర్ధన్ మొదట సంస్థ ఆఫీసుకు పోయాడు. కోరుట్ల వివరాలు టైపు చేసిన మహేందర్, దుబాయ్ నుంచి తెచ్చుకున్న పాత మాక్ లాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నాడు.

"మనీషా కాయితాల తేదీలకు, మా తేదీలకు నాలుగేండ్ల మీద ఒక్కరోజు తేడా అస్తే నేనేం చేస్త సార్?"

సిరిసిల్ల నేత ఇళ్ల వివరాలు ఆఫీసు విండోస్ కంప్యూటర్‌లో టైపు చేశారు. వాటిలో ఏ తప్పూ లేదు.

కోరుట్లలో నీల తలుపు తీయలేదు. కిటికీలోంచే జవాబిచ్చింది. "దసరా తెల్లారి పోయిండు. నాకప్పుడు ఆర్నెల్ల కడుపు. ఎవలన్న మర్చిపోతరా?"

2007లో దసరా తెల్లారి అంటే అక్టోబరు 22. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కాగితంలో ఉన్నది 2003 అక్టోబరు 21. ఇంకో రెండిళ్లలో అడిగారు. అక్కడా అదే తేడా.

"అబద్ధం రాసేటోళ్లు ఇంటింటికీ ఒక్క తీరుగ రాయరు శ్రీజా," అన్నాడు గోవర్ధన్. ఈ మనిషి బుర్రే బుర్ర అనుకుంది శ్రీజ.

సోమవారం ఆఫీసులో గోవర్ధన్ అందరినీ కూర్చోబెట్టాడు. మహేందర్ మాక్‌లోని ఎక్సెల్‌లో ఆ రోజు తేదీ కొట్టి, దాన్ని ఉత్త అంకెగా మార్చి, ఆ అంకెను ఆఫీసు కంప్యూటర్‌లోని ఎక్సెల్‌లో వేసి తేదీగా మార్చాడు. తెర మీద నాలుగేళ్ల మీద ఒకరోజు వెనకటి తేదీ వచ్చింది. రాజమల్లు కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు.

"ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక మొదటి రోజు నుంచి లెక్కవెట్టిన దినాలు," అన్నాడు గోవర్ధన్. "ఆఫీసు దాంట్ల ఆ లెక్క 1900 కెళ్లి. ఈ పాత మాక్‌ల 1904 కెళ్లి. మహేందర్ ఆ అంకెలు ఆఫీసు దాంట్లకు తెచ్చిండు, అవి యాడికెళ్లి మొదలైనయో చూసుకోలేదు. పిల్లల వయసు తేదీ కాదు గనక కదల్లేదు. గింతవరకు ఎవల తప్పూ కాదు. కని రాజమల్లుగారూ, మీరంతా నాలుగేండ్ల తేడా అన్నరు. కాయితం, పట్టిక పక్కపక్కన వెట్టి లెక్కగడితెగాని తెల్వని ఆ పైన ఒక్కరోజు మహేందర్‌కు ఎట్ల తెలిసింది?"

మహేందర్ తల వంచుకున్నాడు. "పోయిన వారమే కనుక్కున్న సార్. దుబాయ్‌ల కంపెనీ మూతబడితే అచ్చిన. గీ నౌకరీ కూడ పోతదని నోరు మూసుకున్న."

శ్రీజకు కోపం రావాల్సింది. పాపం అనిపించింది.

రాజమల్లు మనీషాకు క్షమాపణ చెప్పబోయాడు. "నాకు కాదు సార్, నీలక్కకు చెప్పుండ్రి," అంది మనీషా.

ఆ సాయంత్రమే అందరూ కోరుట్ల పోయారు. గడప బయట నిలబడి రాజమల్లు చేతులు జోడించాడు. మహేందర్ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎంతోసేపటికి తలుపు తెరుచుకుంది. నీల చంకలో పిల్ల ఉంది.

"దుబాయ్‌ల ఎన్నేండ్లున్నవన్నా?"

"ఆరేండ్లు."

"ఇల్లు విడిచి ఎన్నడు పోయినవ్?"

మహేందర్ తడుముకోకుండా తేదీ, వారం, వేళ చెప్పాడు.

"మరి నీకు ఎరుకే గదన్నా," అంది నీల. మనీషా వైపు తిరిగి, "బయట నిలబడ్డవేంది? లోపటికి రా," అని పిల్లను ఆమె చేతికిచ్చింది.