తోమిన రూపాయి

పరుగు!

శ్రీరామ్మూర్తి పరిగెడుతున్నాడు. వన్ టౌన్ సందుల్లో, ఎండలో. ఒక కాలి చెప్పు ఎప్పుడో తెగిపోయింది.

వెనక బైక్!

హారన్ కొట్టదు. దాటిపోదు. ఆగదు.

కుడి పిడికిట్లో వెండి రూపాయి చెమటకి జారుతోంది. వేళ్లు ఇంకా బిగించాడు.

జేబులో సెల్ మోగింది.

"ఏడున్నావ్?" గవర్రాజు గొంతు.

"వచ్చీసినానండి... పోర్టు కాడ లారీలు ఆగిపోనాయి. ఆటో దిగీసి పరిగెడతన్నాను..."

"టైం సూసుకున్నావా? మూడున్నర! నాలుక్కి రూపాయి నా సేతిలో ఉండాల. నేదా, నీ ఆడదాన్ని సింతపండు బస్తాలో కుట్టీసి సముద్రంలో పడేత్తాను!"

"బాబూ, దానికేటీ తెల్దండి..."

కట్!

సందు మలుపు తిరిగాడు. ఎదురుగా పోలీస్ స్టేషన్! గుమ్మంలో ఒక కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు.

శ్రీరామ్మూర్తి పరుగు నెమ్మదించింది. వెళ్లిపోతే? పది అడుగులు... అంతే...

ఒక్క అడుగు వేశాడు.

కీచ్‌మని బ్రేక్! బైక్ అడ్డంగా ఆగింది.

"ఏటి బావా, దారి తప్పినావేటి?" నవ్వుతున్నాడు అబ్బులు. గవర్రాజు మనిషి. హ్యాండిల్ మీద ఇనుప రాడ్. "టేసనుకి ఎల్తావో నేదో సూడమన్నాడు మా అన్న. సూసీసినాను. ఎక్కు!"

రాడ్ మోచేతి మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి.

పిడికిలి మాత్రం విడలేదు.

ఎక్కాడు.

* * *

స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టరు శ్రీరామ్మూర్తి. కూర్మన్నపాలెంలో ఇల్లు. పాత వెండి రూపాయలంటే ప్రాణం. షిఫ్టు దిగాక నెట్ సెంటర్లో కూర్చుని వేలంలో కొంటాడు.

రెండు నెలల కిందట 1939 రూపాయి కొన్నాడు. ఆ సంవత్సరం రూపాయి దొరకడం చాలా కష్టం. అందుకే దొంగవి ఎక్కువ.

వచ్చింది దొంగదే! 1943 రూపాయి మీద చివరి రెండు అంకెలు గీకి 39 చెక్కారు.

ఫిర్యాదు పెడతానని మెయిల్ కొట్టాడు. అమ్మినవాడు గవర్రాజు. భయపడి ఇంకొకటి పంపాడు.

శ్రీరామ్మూర్తి భూతద్దం కింద పెట్టి చూశాడు.

అసలుది!

గవర్రాజు దగ్గర అసలు రూపాయి ఒక్కటే ఉంది. ఫోటో దానికి తీస్తాడు. పార్శిల్‌లో దొంగది పెడతాడు. ఈసారి తొందరలో ఫోటో రూపాయినే కట్టేశాడు!

అదైనా అతనిది కాదు. అర్జునరావుది. వాడుకోమని ఇచ్చినవాడు ఈ రోజు నాలుగింటికి తిరిగి ఇమ్మన్నాడు. అర్జునరావు రెండోసారి అడగడు. కాలుస్తాడు.

పార్శిల్ పంపిన అడ్రసు గవర్రాజు దగ్గర ఉంది. పొద్దున్నే వ్యాన్ వచ్చింది. ఇంట్లో ఒంటరిగా ఉన్న భార్య ధనలక్ష్మిని ఎత్తుకుపోయారు.

ఇంతవరకైతే రూపాయి ఇచ్చేసి భార్యను తెచ్చుకునేవాడే.

కానీ నిన్న శుక్రవారం!

పూజలో పెట్టాలని ఆమె ఆ రూపాయి తీసింది. బొగ్గులా ఉంది. చింతపండు పట్టించి, పీచుతో బరబరా తోమేసింది.

"సూడండి, ఎలా మెరిపించీసినానో!"

శ్రీరామ్మూర్తి నేల మీద కూలబడిపోయాడు. అరవై ఏళ్లకు పైగా గాలి తగిలి వెండి మీద పేరుకున్న నలుపు అది. తెలిసినవాళ్లు దాన్నే చూసి కొంటారు. తోమిన రూపాయిని తూకం వెండికి మించి ఎవరూ అడగరు.

అయినా ఒక్క మాట అనలేదు. అమ్మవారి కోసం చేసింది. ఏమంటాడు?

ఇప్పుడు గవర్రాజుకి ఏం చెప్పాలి?

నిజమే చెప్పాలి. ఎప్పటికీ అబద్ధం ఆడనని సింహాద్రప్పన్నకి మొక్కుకున్నాడు. పదకొండేళ్లయింది. ప్లాంట్‌లో అందరూ నవ్వుతారు. ఆడలేదు.

పోల్చి చూపిస్తే నమ్ముతాడని దొంగ రూపాయి కూడా తెచ్చాడు. చొక్కా జేబులో ఉంది, కాగితంలో చుట్టి.

* * *

చింతపండు గోడౌన్. కప్పు దాకా బస్తాలు. ముక్కు పుటాలు అదిరే పులుపు వాసన.

బస్తా మీద ధనలక్ష్మి! చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. పెదవి చిట్లింది.

"ఏవండీ! మోసేతికేటయినాదండీ?"

"నోర్ముయ్!" గవర్రాజు చెయ్యి చాచాడు. "తే!"

పిడికిలి విప్పాడు శ్రీరామ్మూర్తి.

తళుక్కుమంది.

గవర్రాజు మొహం మాడిపోయింది. "ఇదేటిరా?"

"అదేనండి మీ రూపాయి. తోమీసినాం. రాజుగారి సెవి కింద సిన్న నొక్కు ఉంటాది. మీ ఫోటోలోనూ ఉంటాది, సూడండి..."

"నానే తోమినాను బాబూ!" ధనలక్ష్మి అరిచింది. "సింతపండెట్టి తోమినాను. ఆయనకి తెల్దు!"

ఫట్! ఆమె చెంప మీద దెబ్బ.

"మొగుడూ పెళ్లాం కలిసి నాటకాలాడతన్నారా? నా రూపాయి నల్లగుంటాది! అబ్బులూ, ఎతుకు ఈడి జేబులు!"

అబ్బులు చెయ్యి చొక్కా జేబులో దూరింది. కాగితం పొట్లం బయటికొచ్చింది.

విప్పాడు.

నల్ల రూపాయి!

"దొరికినాది అన్నా! దాసీసినాడు దొంగనాకొడుకు!"

"అది కాదండి!" శ్రీరామ్మూర్తి గొంతు చించుకున్నాడు. "అది మీరు ముందు పంపిన దొంగది! మీరు సేసిందే! అప్పన్న సాచ్చిగా సెప్తన్నాను..."

రాడ్ కడుపులో పడింది. మోకాళ్ల మీద కూలాడు.

గవర్రాజు నల్ల రూపాయిని వెలుతురులో తిప్పి చూస్తున్నాడు. నవ్వు మొహమంతా పాకింది. ఇలాంటివి వందలు చేసి అమ్మాడు. గుడ్డు సొనలో, పొగలో పెట్టి నల్లగా చేయడం తెలుసు. అంతకు మించి ఏ రోజూ చూడలేదు. కొన్నవాళ్లు నలుపు చూసి కొన్నారు. అతనూ నలుపే చూస్తున్నాడు.

"నన్నే మోసం సేద్దారనుకున్నావా?"

మెరిసే రూపాయిని నేలకేసి కొట్టాడు. ఖణేల్‌మంది! దొర్లుకుంటూ పోయి ధనలక్ష్మి పాదం దగ్గర పడింది.

బయట కారు ఆగింది.

నాలుగు.

అర్జునరావు ఒక్కడే లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నటి బొట్టు. మోకాళ్ల మీద ఉన్నవాడినీ, కట్టేసి ఉన్న ఆడమనిషినీ చూశాడు.

"నా రూపాయి?"

"ఇదిగోండి బాబూ! బద్రంగా దాసినాను!"

అర్జునరావు దాన్ని చూడలేదు. కళ్లు గవర్రాజు మొహం మీదే ఉన్నాయి. బొటనవేలి గోరు రూపాయి అంచు మీద పెట్టి, మెల్లగా తిప్పాడు.

గోరు ఆగింది.

"అంచు చుట్టూ గాడి ఉంది గవర్రాజూ."

"గాడేటి బాబూ?"

"1943లో ఉంటుంది. ముప్ఫై తొమ్మిదిలో ఉండదు."

"బాబూ... ఈడే... ఈడి జేబులోనే..."

ఢాం!

గవర్రాజు బస్తాల మీద వెల్లకిలా పడ్డాడు. ఒక బస్తా పగిలి చింతపండు అతని మీదకి జారింది.

అబ్బులు రాడ్ వదిలేసి పరిగెత్తాడు. బైక్ చప్పుడు సందులో కలిసిపోయింది.

అర్జునరావు వంగాడు. ధనలక్ష్మి పాదం దగ్గర పడిన రూపాయి తీశాడు. గోరు అంచు మీద తిప్పాడు. ఆగలేదు. మళ్లీ తిప్పాడు. ఆగలేదు.

అప్పుడు చూశాడు.

మొహంలో రంగు మారింది. ఎవరో చచ్చిపోయినట్టు.

"ఇరవై ఏళ్లు దాచాను దీన్ని. గుడ్డ కూడా తగలనివ్వలేదు. ఎవరు తోమారు?"

పిస్టల్ ఇంకా చేతిలోనే ఉంది.

ధనలక్ష్మి నోరు తెరిచింది. "బాబూ, నా..."

"ఆడే బాబూ!"

శ్రీరామ్మూర్తి వేలు గవర్రాజు శవం వైపు చాచి ఉంది.

ధనలక్ష్మి భర్త మొహంలోకి చూసింది. ఆ మొహం ఎవరిదో అన్నట్టు చూసింది.

"వీడా? ఎందుకు?"

"తెల్దు బాబూ. ఇచ్చీటప్పుడు మెరవాలని... తోమీసినాడు."

అర్జునరావు భూతద్దం తీశాడు. అంకెల చుట్టూ ఉన్న పువ్వుల మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. గోటితో లాగాడు.

చింతపండు పీచు!

చుట్టూ ఉన్న బస్తాలు చూశాడు. శవం మీద పడ్డ చింతపండు చూశాడు. తల పంకించాడు.

రూపాయిని ధనలక్ష్మి ఒళ్లోకి విసిరాడు.

"తీసుకో అమ్మా. పూజలో పెట్టుకో. ఇంక దేనికీ పనికిరాదు."

ఆమె ఒళ్లు గగుర్పొడిచింది.

"మీరు నన్ను చూడలేదు."

"సూడనేదు బాబూ." రెండో అబద్ధం మొదటిదానంత కష్టం కాలేదు.

అర్జునరావు గుమ్మం దాకా వెళ్లాడు. ఆగాడు.

గిర్రున తిరిగాడు!

పిస్టల్ లేచింది!

శ్రీరామ్మూర్తి పాక్కుంటూ వెళ్లి భార్యకు అడ్డం పడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. అప్పన్నా! తప్పు నాది... దాన్ని ఒగ్గీ...

ఢాం!

చింతపండు ముద్దలు ఎగిరి అతని వీపు మీద పడ్డాయి.

కళ్లు తెరిచాడు. గవర్రాజు శవం గుండెల్లో రెండో చిల్లు.

"ఇది నా రూపాయి తోమినందుకు," అన్నాడు అర్జునరావు. వెళ్లిపోయాడు.

కారు కదిలింది. చప్పుడు దూరమైంది.

శ్రీరామ్మూర్తి భార్య చేతుల కట్లు విప్పుతున్నాడు. ముడి రావడం లేదు.

ధనలక్ష్మి శవం వైపే చూస్తోంది.

"ఏవండీ... ఆ రెండో గుండు నాది కదండీ?"