పైకి తిప్పిన అద్దం

“కారులోకి ఎండ రాదుగా సార్, మరి ఆ టోపీ ఎందుకు?”

మొదటి రోజు, మొదటి క్లాసు. ఆ అమ్మాయి ఇంకా సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు. క్లచ్ ఏది, బ్రేక్ ఏది అని అడగాల్సింది పోయి నేరుగా అతని నెత్తిమీదకే వచ్చేసింది.

“డ్రైవింగ్ స్కూలు యూనిఫామ్ అండి,” అన్నాడతను.

“మరి ఆఫీసులో మీ బాబాయిగారు పెట్టుకోలేదే?”

“ఆయన ఓనరు. ఓనర్లకి యూనిఫామ్ ఉండదు.”

“చొక్కా మీద స్కూలు పేరుంది. టోపీ మీదేమో సిమెంటు కంపెనీ పేరుంది.”

“ముందు బెల్టు పెట్టుకోండి మేడమ్!”

ఆమె నవ్వు ఆపుకుంటూ బెల్టు పెట్టుకుంది. అతను వంగి పెడల్స్ ఒక్కొక్కటీ చూపించాడు. తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉందనీ, భయపడక్కర్లేదనీ చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపి, పైకి చూసింది.

“ఈ మధ్యలో అద్దమేంటి సార్, కారు కప్పు వైపు చూస్తోంది?”

“అది అంతేనండి. పక్క అద్దాలు చూసుకోండి చాలు. వెనక సంగతి నాకు వదిలేయండి.”

మాస్టారు చెప్పాడు, ఆమె నమ్మింది. ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది.

ఆ అద్దం కథ ఇది. అతనికి ఇరవై మూడు దాటకముందే జుట్టు రాలడం మొదలైంది. ముందు దిండు మీద, తర్వాత దువ్వెనలో, ఆ తర్వాత సబ్బు మీద. ఇరవై ఆరు వచ్చేసరికి నుదురు నడినెత్తి దాకా పాకిపోయింది. కారెక్కితే చాలు, ఎదురుగా అద్దం. టోపీ ఎత్తి చూసుకోవడం, దించుకోవడం, మళ్ళీ ఎత్తడం. ఒకసారి సిగ్నల్ దగ్గర అలా చూసుకుంటూ కూర్చుంటే పచ్చ దీపం వచ్చి పోయింది. వెనకున్న బండ్లన్నీ హారన్లతో తిట్టిపోశాయి. ఆ రోజే కోపం కొద్దీ అద్దాన్ని కప్పు వైపు తోసేశాడు. మళ్ళీ దించలేదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళెవరూ అడగలేదు. అడిగింది ఈమె ఒక్కతే.

ఇంట్లో సంగతి ఇంకో రకం. అక్క తన చంటిపిల్లాణ్ణి ఒక మోకాలి మీద, తమ్ముణ్ణి కింద ముక్కాలిపీట మీద కూర్చోబెట్టుకుని ఇద్దరికీ నూనె రాసేది. పిల్లాడికి ఇంకా జుట్టెందుకు రాలేదా అని ఒక దిగులు, తమ్ముడికి ఉన్నది ఎందుకు పోతోందా అని ఇంకో దిగులు. ఏ కాసేపైనా దిగులు లేకపోతే అదొక దిగులు.

“ఒరేయ్, ఇవాళ ఉల్లిపాయ రసం కూడా రాస్తా. కదలకు.”

“అక్కా, పొద్దున క్లాసుంది! కారంతా కంపు కొడుతుంది.”

“కొట్టనీ. నీ నెత్తిమీద పోయిన జుట్టు వీడి నెత్తిమీద మొలిచినా బాగుండును. పోనీలే, ఇంట్లోనే ఉంది కదా అనుకుందును.”

పిల్లాడు బోసినోటితో కిలకిల నవ్వాడు. ఒక్క వెంట్రుక లేకుండా అంత హాయిగా ఎలా నవ్వుతాడో మేనమామకి అర్థం కాలేదు.

మర్నాడు కారెక్కగానే ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది.

“సార్, మీరు గానీ శాండ్‌విచ్ తిని వచ్చారా? నేను మీకోసం బన్నులు తెచ్చానే!”

అతని చెవులు ఎర్రబడ్డాయి. బన్ను మాత్రం తిన్నాడు. ఇంకా వేడిగా ఉంది.

ఆమె ఆ వీధి చివరి బేకరీలో పని చేస్తుంది. తెల్లారకముందే పిండి కలపడం, ట్రేలు పొయ్యిలో పెట్టడం, తీయడం. ఆమె కన్నంతా బేకరీ వ్యాను మీద ఉంది. ఊళ్ళోని దుకాణాలన్నిటికీ బ్రెడ్డు చేర్చే ముసలి డ్రైవరు పని మానేస్తున్నాడు. ఈ నెలాఖరులోగా లైసెన్సు తెచ్చుకుంటే ఆ వ్యాను నీకే అని బేకరీ ఆంటీ మాటిచ్చింది. లేకపోతే బయటివాళ్ళని పెట్టుకుంటుంది.

“పొయ్యి ముందు నిలబడి నిలబడి నేనే ఒక బన్నునైపోయాను సార్. కిటికీలోంచి గాలి తగులుతుండగా పని చేయాలని ఉంది. అంతే.”

అంతే అని ఎంత తేలిగ్గా అందో, ఆ మాట అంటున్నప్పుడు స్టీరింగ్‌ని అంత గట్టిగా పట్టుకుంది. అతను చూశాడు. ఆ రోజునుంచి అతనికి కూడా ఆ వ్యాను కావాలనిపించింది, ఆమె కోసం.

రివర్స్ నేర్పేటప్పుడు అతను మెడ వెనక్కి తిప్పి, “రండి... రండి... కాస్త ఇటు... చాలు!” అనేవాడు. ఆమె ఆ గొంతు పట్టుకుని వెనక్కి వచ్చేసేది. ఒక్కసారి కూడా దేనికీ తగల్లేదు.

ఒక సాయంత్రం పెద్ద వాన. సరిగ్గా అప్పుడే టైరు పంక్చరైంది. దిగొద్దన్నా ఆమె దిగి, గొడుగు పట్టుకు నిలబడింది. గాలి ఆ గొడుగుని మాటిమాటికీ చేటలా తిప్పేస్తోంది. అతను టైరు మార్చి లోపలికి వచ్చేసరికి టోపీ అంచునుంచి నీళ్ళు ధారకట్టాయి. ఆమె సంచిలోంచి తువాలు తీసి ఇచ్చింది.

“తల తుడుచుకోండి సార్, జలుబు చేస్తుంది.”

అతను ముఖం తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. చేతులు కూడా తుడుచుకున్నాడు.

“తల?” అంది.

“తడవలేదండి.”

“మీ తల మీకే పరాయిదా ఏంటి?” అని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. అద్దాల నిండా ఆవిరి పట్టింది. బయటేమీ కనపడటం లేదు. ఆ తువాలు ఆమె తిరిగి అడగలేదు. అతను ఇవ్వలేదు.

టెస్టు రోజు రానే వచ్చింది. లైసెన్సు ఆఫీసు మైదానంలో, ఆఫీసువాళ్ళ కారులోనే టెస్టు. అతను కంచె బయట నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు. కారు చక్కగా కదిలింది, మలుపు తిరిగింది, మట్టిగట్టు ఎక్కి దిగింది. ఇక రివర్స్. వెనక్కి, వెనక్కి... టప్‌మని ప్లాస్టిక్ డ్రమ్ము పడిపోయింది.

ఆమె బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏమైంది?”

“కంగారు పడ్డాను సార్. తప్పు నాదే.”

వెనకే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అతని చొక్కా మీది స్కూలు పేరు చదివి కళ్ళజోడు సర్దుకున్నాడు.

“మాస్టారు మీరేనా? ఈ అమ్మాయి కారెక్కగానే ‘మీ అద్దం జారిపోయింది సార్, సరిచేస్తాను’ అంది. మంచి పిల్ల అనుకున్నాను. తీరా చూస్తే శుభ్రంగా కప్పు వైపు తిప్పింది! పోయినసారి మీ దగ్గరనుంచి వచ్చిన పెద్దాయనా ఇంతే. మీ స్కూల్లో కారు నడపడం నేర్పుతారా, ఆకాశంలో చుక్కలు చూడటం నేర్పుతారా? ఎవరు నేర్పారమ్మా అంటే పేరు చెప్పదు, ‘నేనే మర్చిపోయాను’ అంటుంది.”

అతను టోపీ అంచు కళ్ళ మీదకి లాక్కున్నాడు.

తిరిగి వస్తూ దారిలో కారు ఒక పక్కన ఆపాడు. అబద్ధం చెప్పడానికి బోలెడు మాటలు దొరికాయి గానీ, పేరు చెప్పని మనిషి పక్కన కూర్చుని ఉండగా ఒక్కటీ నోటికి రాలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇది చూసుకోలేక అద్దం పైకి తిప్పేశానండి. అందరికీ అలాగే నేర్పేశాను. మీ వ్యాను పోగొట్టింది నేను.”

ఆమె అతని తల వైపు చూడనైనా చూడలేదు.

“అది నాకు మొదటి రోజే తెలుసు. పెడల్స్ చూపించడానికి వంగినప్పుడు నా మోకాలు తగిలి టోపీ పక్కకి జరిగింది. మీరు సర్దుకుంటుంటే నేను రోడ్డు చూస్తున్నట్టు నటించాను. నాకు తెలియనిది అద్దం సంగతే సార్. మీరు చెప్పారు కదా అని, ఎందుకని కూడా మళ్ళీ అడగలేదు.” సీటు బెల్టు విప్పుకుంది. “జుట్టు ఉన్నా లేకపోయినా నాకొకటే. కానీ వెనక సంగతి వదిలేయమన్నారు. వదిలేశాను.”

తలుపు తీసుకుని దిగి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాడు. “నా తల చూసి పోయిందక్కా,” అన్నాడు చివర్లో.

అక్క చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది. “తల చూసి పోయే పిల్లయితే మొదటి రోజే పోయుండేది కదరా! నిన్ను నమ్మి దెబ్బతింది. ఆ పిల్ల పని చూడు ముందు. నీ నెత్తి గోల తర్వాత.” గిన్నె పక్కన పెట్టేసింది. “నేను కూడా ఈ రసాలు పూసి పూసి నీకు భయమే ఎక్కువ చేశానేమో.”

మర్నాడు అతను ముందు లైసెన్సు ఆఫీసుకి, అక్కణ్ణించి క్షౌరశాలకి వెళ్ళాడు. మిగిలిన ఆ కాస్త జుట్టునీ నున్నగా తీయించేశాడు. బయటికి వస్తే నెత్తికి గాలి తగిలింది. చల్లగా, కొత్తగా ఉంది. ఒకరిద్దరు చూశారు. చూసి ఎవరి పనిమీద వాళ్ళు పోయారు. ఇంతేనా అనుకున్నాడు.

తిన్నగా బేకరీకి నడిచాడు. కొనేవాళ్ళు నిండుగా ఉన్నారు. ట్రే పట్టుకుని వస్తున్న ఆమె అతన్ని చూసి ఆగిపోయింది.

“ఆంటీ,” అన్నాడతను అందరి ముందూ, “ఈ అమ్మాయి ఫెయిలవ్వలేదు. నేను ఫెయిలయ్యాను. తప్పు నేర్పాను. నెలాఖరుకి ముందే ఇంకో టెస్టుంది, ఇన్‌స్పెక్టరుగారిని అడిగి వచ్చాను. అప్పటిదాకా వ్యాను ఎవరికీ ఇవ్వకండి. రోజూ నేనొచ్చి నేర్పుతాను.”

ఆంటీ ఆమె వైపు తిరిగింది. “ఏమంటావే?”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. “ఉల్లిపాయ వాసన లేదు కదా?”

“లేదండి. మానేశాను.”

“అయితే సరే.”

ఈసారి కారెక్కగానే అతను చేసిన మొదటి పని, మధ్య అద్దాన్ని కిందికి దించడం. దించుతుంటే తన గుండు తళుక్కుమంది. చూశాడు. చూసి అద్దాన్ని ఆమె వైపు తిప్పాడు. “వెనక సంగతి మీరే చూసుకోవాలి. నేను నోరు విప్పను.” మొదట్లో ఆమె ఒక లేత చెట్టుకీ ఒక చెత్తడబ్బాకీ కారు తగిలించింది. అతను పెదవి కొరుక్కుని కూర్చున్నాడే గానీ ‘రండి, రండి’ అనలేదు. వారం తిరిగేసరికి ఆమెకి అతని గొంతు అవసరం లేకపోయింది. అందుకు అతనికి సంతోషమేసింది, కాస్త బెంగ కూడా వేసింది.

టెస్టులో డ్రమ్ము పడలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం స్కూలు ముందు బేకరీ వ్యాను ఆగింది. “ఎక్కండి సార్, ఒక రౌండు వేసొద్దాం.”

అతను ఎక్కి బెల్టు పెట్టుకుని, మాస్టారి అలవాటు కొద్దీ చూశాడు. మధ్య అద్దం పక్కకి తిరిగి ఉంది.

“మళ్ళీనా! అద్దం సెట్ చేసుకోండి మేడమ్!”

“ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.”

చూశాడు. కప్పు దాకా బ్రెడ్డు ట్రేలు, వాటి వెనక రేకు తలుపు. కిటికీ లేదు.

“ఈ బండిలో ఈ అద్దంలోంచి ఎంత చూసినా ట్రేలేనట. పక్క అద్దాలే దిక్కని ఇన్‌స్పెక్టరుగారే చెప్పారు,” అంది. “మరి ఊరికే ఉంచడం ఎందుకని, నాకు చూడాలనిపించే వైపు తిప్పుకున్నాను.”

అతను తలెత్తాడు. అద్దం నిండా తన నున్నటి తల, దాని కింద ఏం చేయాలో తెలియని తన మొహం. అలవాటుగా చెయ్యి అద్దం దాకా లేచింది. అక్కడే ఆగి, దిగిపోయింది.

“ఒక్క నిమిషం ఇంజిన్ ఆపండి.”

“ఎందుకు?”

“ఒక మాట చెప్పాలి. బండి కదులుతుండగా చెప్తే ఏమవుతుందో తెలీదు, ఈ వ్యానులో నా వైపు బ్రేకు లేదు.”

ఆమె ఇంజిన్ ఆపింది. “త్వరగా చెప్పండి, బన్నులు చల్లారిపోతాయి.”

“మీరంటే నాకు చాలా ఇష్టం.”

“తెలుసు.”

“అదీ మొదటి రోజేనా?”

“కాదు. వానలో. నా తువాలు తిరిగివ్వనప్పుడు.” ఆమె చెవులు కూడా ఎర్రబడ్డాయి. “నాకూ ఇష్టమే. అందుకే అడగలేదు.”

ఇంతలో స్కూలు పైనే ఉన్న వాళ్ళ ఇంటి బాల్కనీలోంచి అక్క గొంతు వినపడింది. చంకలో పిల్లాడు, వాడి గుండుమీద సిమెంటు కంపెనీ టోపీ, ముక్కు దాకా జారిపోయి.

“ఒరేయ్, ఆ అమ్మాయిని మధ్యాహ్నం భోజనానికి తీసుకురా! బెల్టు పెట్టుకున్నావా? మెల్లగా వెళ్ళమ్మా, మెల్లగా!”

“అలాగే అక్కా!” అని కిటికీలోంచి అరిచింది ఆమె. పక్క అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. బండి స్టార్ట్ చేసింది.

“వెనక ఎవరూ లేరు కదా?” అన్నాడతను ఉండబట్టలేక.

“వెనక సంగతి నాకు వదిలేయండి,” అంది.

వ్యాను కదిలింది. కిటికీలోంచి వచ్చిన గాలి ముందు ఆమెకి తగిలి, తర్వాత అతని నెత్తిమీదుగా పోయింది.