ఇంకొక్క చెంచా

ఉదయం ఏడున్నర కావస్తోంది. వంటింటి బల్ల ముందు కూర్చున్న ఐదేళ్ళ పిల్ల కంచంలోని బీన్స్ ముక్కల్ని ఒక్కొక్కటిగా అంచుకి నెడుతోంది. నాలుగు మెతుకులు కతికి లేచిపోతుంది కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని పిట్ట అనే పిలుస్తారు. ఎదురుగా దాని నాన్న. లేత్ మిషన్ మీద పదిహేనేళ్ళుగా చేస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనుము చెక్కగలడు గానీ, కన్నకూతురి చేత ఒక్క క్యారెట్ ముక్క తినిపించడం మాత్రం అతని వల్ల కావడం లేదు.

నిన్న బళ్ళో పిల్లల్ని తూచారు. ఉండాల్సినదానికన్నా పిట్ట మూడు కిలోలు తక్కువుందని చీటీ రాసి పంపారు. అది చదివిన దగ్గర్నుంచీ అతనికి కాలూ చెయ్యీ ఆడటం లేదు.

"ఇంకొక్క చెంచా. మింగెయ్."

"వద్దు నాన్నా. వాంతి వస్తోంది."

"కథలు చెప్పకు. నోరు తెరు!"

పిట్ట పెదవులు బిగించేసింది. అతను పిల్లని ఒళ్ళోకి లాక్కుని, కాళ్ళు రెండూ తొడల మధ్య ఇరికించి, ముక్కు మూశాడు. ఊపిరాడక నోరు తెరవగానే చెంచా లోపలికి కుక్కాడు. స్టీలు అంచు తగిలి చిగుళ్ళు చీరుకుపోయాయి. పిల్ల కెవ్వున అరిచి, నోట్లోది ఉమ్మేసి, అతని బొటనవేలిని కసుక్కున కొరికింది.

చెంప ఛెళ్ళుమంది. పిల్ల ఒళ్ళోంచి జారి నేలమీద పడింది. కంచం ఎగిరి గోడకి కొట్టుకుంది.

పక్క గదిలోంచి అతని తల్లి మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. "ఒరేయ్, చంపేస్తావా ఏంట్రా దాన్ని!"

"నువ్వూరుకో అమ్మా! ఇవాళ తినేదాకా వదిలేది లేదు." కింద పడ్డ క్యారెట్ ముక్క ఏరి, మళ్ళీ పిల్ల దవడ పట్టుకున్నాడు.

అప్పుడే వీధి తలుపు తోసుకుని అతని భార్య వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇంటికొచ్చింది. పిట్ట గడ్డం మీంచి గౌను మీదికి కారుతున్న రక్తం చూసింది. చేతిలోని స్టీలు క్యారేజీ ఎత్తి మొగుడి తలమీద మోదింది. గిన్నెలు విడిపోయి నాలుగు మూలలకీ దొర్లాయి.

"నా బిడ్డని రక్తం వచ్చేలా కొడతావా? నువ్వసలు మనిషివేనా?"

అతన్ని ఏనాడూ 'మీరు' అనే తప్ప 'నువ్వు' అనని మనిషి ఆమె. చిట్లిన కనుబొమ్మ నుంచి నెత్తురు కంట్లోకి దిగుతుంటే అతను ఆమె గొంతు పట్టుకుని గోడకి నెట్టాడు.

"ఊళ్ళో పిల్లలందరికీ సెలైన్లు ఎక్కిస్తావు. ఇంట్లో పిల్ల ఎండిపోతుంటే కనబడటం లేదా నీకు?"

ఆమె అతని మణికట్టులో గోళ్ళు దించింది. "ఏడుస్తున్న పిల్లకి కుక్కితే ముద్ద ఊపిరి గొట్టంలోకి పోతుంది. అట్లా నీలం తిరిగిపోయిన పసివాడు నా చేతుల్లోనే ప్రాణం వదిలాడు. ఇదీ అట్లా పోవాలా?"

"తినకపోతే పోతుంది! నా చెల్లి పోలేదూ? మూడేళ్ళ పిల్ల, తిననని మొండికేసి, ఎండిపోయి చచ్చిపోలేదూ? అమ్మనడుగు!"

ముసలామె గుమ్మం పట్టుకుని అలాగే కూలబడిపోయింది.

"అది తిండి మానేసి పోలేదురా."

అతను తల తిప్పాడు.

"దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. రెండ్రోజుల్లో పోయింది. ఆ ముందురోజు కూడా సుబ్బరంగా అన్నం తింది."

"మరి నువ్వే కదమ్మా చెప్పింది?"

"అది పోయాక నువ్వు తిండి ముట్టలేదు. ఆరేళ్ళవాడివి. నువ్వూ నాకు దక్కవేమోనని భయమేసింది. చెల్లి తినకే పోయింది, నువ్వూ తినకపోతే అంతే అని బెదిరించాను. గబగబా తినేశావు. ఆ పూట గడిస్తే చాలనుకున్నాను నాయనా. ముప్ఫై ఏళ్ళు దాన్ని మోస్తావనుకోలేదు."

అతని పట్టు సడలింది. భార్య దగ్గుతూ పక్కకి జరిగింది. ఆకలేసి తిన్న పూట ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఒక్కటీ గుర్తురాలేదు. తిన్నదంతా చావుకి జడిసి తిన్నదే.

పిట్ట కోసం చూశాడు. బల్ల కింద గోడకి కరుచుకుని ఉంది. అతను మోకాళ్ళ మీద వంగగానే పిల్ల ఇంకా వెనక్కి ముడుచుకుంది. నేలమీది బీన్స్ ముక్కల్ని రెండు చేతులా ఏరి, రక్తం ఓడుతున్న నోట్లో కుక్కుకుంది.

"తింటున్నాను నాన్నా... చూడు, తినేస్తున్నాను. కొట్టొద్దు."

అతను బావురుమన్నాడు. "వద్దు తల్లీ. ఉమ్మెయ్. తప్పు నాదమ్మా, ఉమ్మెయ్." అరచెయ్యి చాపి ఏడుస్తూ అలాగే ఉండిపోయాడు. చాలాసేపటికి పిట్ట భయంభయంగా ఆ చేతిలో ఉమ్మేసింది.

ఆసుపత్రిలో అతని కనుబొమ్మకి నాలుగు కుట్లు పడ్డాయి. పిల్ల చిగుళ్ళకి మందు రాస్తూ భార్య అతని వైపు చూడకుండానే చెప్పింది: "మళ్ళీ మా ఇద్దర్లో ఎవరి మీద చెయ్యి పడినా, పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. దాని కంచం జోలికి ఎవరూ వెళ్ళొద్దు. గిన్నెలు మధ్యలో పెడదాం. మనం తింటుంటే చూస్తుంది. తినాలనిపిస్తే తింటుంది."

వారం రోజులు పిట్ట నాన్నమ్మ కొంగు చాటునే కూర్చుని వట్టి అన్నం తింది. అతను నోరెత్తలేదు. పదో రోజున గిన్నెలోంచి క్యారెట్ ముక్క ఒకటి తనంతట తానే తీసుకుంది. వాసన చూసింది. సగం కొరికి నమిలి మింగింది. మిగతా సగం కంచం పక్కన పెట్టి, నాన్న చేతుల వైపు చూసింది.

"నాకు చాలు."

ఇంకొక్కటి అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని గట్టిగా అదిమాడు.

"సరే తల్లీ," అన్నాడు. "వెళ్ళి ఆడుకో."