అడుగున ఆరు డిగ్రీలు

చనిపోయిన మనిషి ఒంటి మీద నుంచి విప్పిన డైవింగ్ సూటు బల్ల మీద పడి ఉంది. మూడు మిల్లీమీటర్ల రబ్బరు. గోరువెచ్చని నీళ్లలో సరదాగా ఈదేవాళ్లు వేసుకునే మందం.

కొంగ దాని అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. నీళ్లలో గంటల తరబడి కదలకుండా కాచుకుని ఉంటాడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు పెట్టారు. చనిపోయింది అతని బావ. అక్క భర్త, డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా సీనియర్ డైవర్.

"నిన్న సాయంత్రం డ్యామ్ దగ్గర దిగాడు. చలికి గుండె ఆగిపోయింది. పొద్దున తేలాడు," అన్నాడు చీఫ్. అందరూ ఆయన్ని హెడ్మాస్టర్ అంటారు. ఎవరు చచ్చినా హాజరు పట్టీ చదివే గొంతుతోనే చెబుతాడు.

"బావ ఇరవై రెండేళ్లుగా దిగుతున్నాడు సార్. ఈ సరస్సులోకి మూడు మిల్లీమీటర్లతో దిగేంత వెర్రివాడు కాదు."

"దిగాడుగా మరి. ఇది చూడు."

నీటి అడుగున రాసుకునే చిన్న పలక అది. బావ మణికట్టుకి కట్టుకున్నది. మొదటి మాటలు పొందిగ్గా ఉన్నాయి. చివరికొచ్చేసరికి అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. 'మూడో గేటు. బాంబు పెట్టె. అద్దం మూత. నాలుగు నట్లు. లోపల ఒక్కటే ప్లగ్. టైమర్ రేపు 11:20.'

కొంగ వాచీ చూసుకున్నాడు. పది ఇరవై.

డ్యామ్ కింద నలభై వేల మంది ఉన్న ఊరు. గేటు ఎగిరిపోతే తొమ్మిది నిమిషాల్లో నీళ్లు అక్కడుంటాయి. ఊరు ఖాళీ చేయించాలంటే ఆరు గంటలు పడుతుంది. మరో డైవర్ రావాలంటే మధ్యాహ్నం రెండవుతుంది. ఆ ఊళ్లోనే, నది పక్క వీధిలో, రెండో అంతస్తులో అక్క ఉంది. మొగుడు పోయిన సంగతి ఆమెకింకా ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడే చెప్పనా సార్?"

"ముందు ఆవిడ బతకాలిగా," అన్నాడు హెడ్మాస్టర్.

డ్యామ్ గోడ లోపలి సామాన్ల గదిలో నీళ్ల డాక్టరమ్మ అప్పటికే ఎదురుచూస్తోంది. మిత్రదేశం పంపిన నిపుణురాలు. సరస్సు లోతులూ, చలీ, ప్రవాహాలూ కొలవడం ఆమె పని. మనిషి అందగత్తె. తెల్ల కోటు, మెడకి నీలం పట్టు స్కార్ఫ్. ఆమె గదిలోకొస్తే గుమాస్తాలు కాగితాలు తిరగేసి పట్టుకుని చదువుతుంటారని చెప్పుకునేవారు.

"మీ బావగారి సంగతి విన్నాను. చాలా బాధేసింది," అంటూ ఆమె చార్టు పరిచింది. "పైన పంతొమ్మిది డిగ్రీలు, ముప్పై ఒక్క మీటర్ల లోతున పదిహేడు. అడుగున బుడగలు వదిలే యంత్రం నెలంతా తిరుగుతూనే ఉంది. నీళ్లన్నీ కలిసిపోయి ఉంటాయి. పల్చటి సూటే మేలు, చేతులు చురుగ్గా ఆడతాయి."

బావ ఈ చార్టు చూసే దిగాడన్నమాట.

ఆమె చార్టు మీదకి వంగినప్పుడు స్కార్ఫ్ జారింది. మెడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి కమిలిన చార. అదెలా వస్తుందో కొంగకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోపలికి చుక్క నీరు రానివ్వని డ్రై సూట్‌కి మెడ దగ్గర బిగుతైన రబ్బరు పట్టీ ఉంటుంది. గంటసేపు వేసుకుంటే ఆ ముద్ర పూటంతా పోదు. పదిహేడు డిగ్రీల నీళ్లకి ఎవరూ డ్రై సూట్ తొడగరు. ఈమె ఈ పొద్దున్నే దిగింది, వణికించే చలి ఉందని తెలిసే దిగింది. బావ బాంబుని కదిపాడేమో చూసుకోవడానికే అయ్యుంటుంది.

కొంగ తలెత్తకుండానే స్టోర్ కీపర్‌తో అన్నాడు. "తాతా, నా టీలో చక్కెర వేయకు."

రిటైరై మళ్లీ వచ్చి చేరిన ముసలాయన ఆ తాత. గత పాతికేళ్లలో, శత్రువు గదిలోనే ఉందని చెప్పే ఆ కోడ్ మాట వినడం ఆయనకిది రెండోసారి. నెమ్మదిగా లేచి, తలుపు గడియపెట్టి, సొరుగులోంచి పిస్తోలు తీసి ఆమె వైపు పట్టాడు.

ఆమె కంగారుపడలేదు. స్కార్ఫ్ సర్దుకుంది. "పట్టుకుని ఏం చేస్తారు? ఆ యంత్రాన్ని నెల కిందటే ఆపేశాను. అడుగున ఆరు డిగ్రీలు. మీ డ్రై సూట్ ఒకసారి చూసుకోండి."

తాత చూశాడు. మెడ పట్టీ బ్లేడుతో నిలువునా కోసేసి ఉంది.

"అతికించి ఆరబెట్టాలంటే ఒక రోజు పడుతుంది బాబూ," అన్నాడు తాత. "ఇలాగే దిగావా, నీళ్లు నిండి బస్తాలా అడుగునే ఉండిపోతావు. ఏడు మిల్లీమీటర్ల వెట్ సూట్ ఒకటుంది. అదీ లోపలికి కాస్త నీరు రానిస్తుంది. ఆ నీటిని నీ ఒంటి వేడే కాయాలి. పైగా అంత లోతున రబ్బరు నలిగి సగం కూడా మిగలదు. పావుగంట తర్వాత నీ వేళ్లు నీ మాట వినవు."

"పనెంతసేపు?"

"ఇరవై నిమిషాలు, చెయ్యి తిరిగినవాడికి."

ఎలా లెక్కేసినా అయిదు నిమిషాలు తక్కువే. కొంగ తనతో తెచ్చిన బావ మూడు మిల్లీమీటర్ల సూటు తీసుకున్నాడు. తడి ఇంకా ఆరలేదు. దాన్ని లోపల తొడిగి, పైన ఏడు మిల్లీమీటర్లది ఎక్కించుకున్నాడు. తలకి మందపాటి టోపీ. మందపాటి గ్లవ్స్‌తో నట్లు తిరగవు కనక పల్చటివే వేసుకున్నాడు. లోపల తొడుక్కోవడానికి రీసెర్చ్ వింగ్ వాళ్ల, బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ ఉండనే ఉంది. ముప్పై నిమిషాల వెచ్చదనానికి గ్యారంటీ అని దాని మీద స్టాంపు వేసి మరీ ఇచ్చారు.

పది యాభైకి దిగాడు. పదకొండు మీటర్ల దగ్గర ఎవరో గీత గీసినట్టు చలి మొదలైంది. అక్కణ్ణించి సూటు పల్చబడుతుంటే అతను రాయిలా దిగసాగాడు. వెస్ట్ నాలుగు నిమిషాలు పనిచేసి చల్లారిపోయింది. అడుగున బురద కలిసిన చీకటి. లైటు వెలుగులో మణికట్టు మీటర్ ఆరు చూపించింది. మూడో గేటు వెతికి పట్టుకునేసరికే పదకొండయింది.

మొదటి నట్టు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదానికి దవడలు కొట్టుకోవడం మొదలైంది. ఒక్క పొర వేసుకుని బావ ఇక్కడ నిలబడ్డాడు. చార్టు తప్పని చలి తగిలిన క్షణమే తెలిసి ఉంటుంది. వెంటనే పైకొస్తే బతికేవాడు. నట్లు లెక్కపెట్టి, టైమర్ చదివి, పలక మీద రాసేదాకా కదల్లేదు. కొంగకి మాస్క్ లోపల ఏడుపొచ్చింది.

నాలుగో నట్టు దగ్గర వేళ్లు కొయ్యబారాయి. రెంచిని అరచేతుల మధ్య నొక్కిపట్టి, భుజాలతో తిప్పాడు. అద్దం మూత ఊడి పడింది. టైమర్ మీద ఒక నిమిషం చిల్లర.

ప్లగ్ పట్టుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. రెండు చేతులా ప్రయత్నించాడు. జారిపోయింది. ముప్పై సెకన్లు. ఇంతే, అయిపోయింది అనుకున్నాడు. నది పక్క వీధి, రెండో అంతస్తు కిటికీ కళ్ల ముందు మెదిలాయి. అప్పుడు మణికట్టుతో గాలి గొట్టాన్ని నోట్లోంచి నెట్టేసి, తల పెట్టె లోపలికి దూర్చి, ప్లగ్‌ని పళ్లతో కరిచి లాగాడు.

మూడు దగ్గర టైమర్ ఆగింది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టర్ కుడిచేతి రెండు వేళ్లకి స్పర్శ రాదని చెప్పాడు. హెడ్మాస్టర్ ఫైలుతో వచ్చాడు.

"ఆవిణ్ణి రాత్రే వాళ్లకి అప్పగించేశాం. మిత్రదేశం. గొడవ వద్దని పైనుంచి ఆర్డర్."

"మరి బావ?"

"సూటు ఎంపికలో పొరపాటు వల్ల మరణం. ఫైలు మూసేశారు. పోయాడని మాత్రం నిన్ననే మీ అక్కకి కబురు పంపాం. ఎలా పోయాడంటే ఆవిడకీ అదే చెప్పాలి. ఇంకొక్క ముక్క బయటికి రాకూడదు."

కొంగ బావ మీద పడ్డ నింద మోసుకుని అక్క ఇంటి మెట్లెక్కాడు. అక్క తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

"సూటు తప్పుగా ఎంచుకున్నాడక్కా," అన్నాడు నేల చూస్తూ. "పల్చటిది వేసుకున్నాడు. అంతే."

"ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే మనిషిరా ఆయన."

అక్క కట్టు కట్టిన అతని చేతిని నెమ్మదిగా తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నువ్వూ దిగావు కదూ," అంది. "ఆయన సగంలో వదిలింది పూర్తి చేయడానికి."

పద్దెనిమిదేళ్ల సర్వీసులో మూడు దేశాల వాళ్లు అతన్ని చీకటి గదుల్లో రోజుల తరబడి ప్రశ్నించి, ఒక్క ముక్క రాబట్టలేకపోయారు. అక్కకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.